బడి మానువారి జోస్యము – ఒక విమర్శనము

2018వ సంవత్సరమున మన జిల్లానుగూర్చి యొక వార్త వెలువడెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును, మైక్రోసాఫ్ట్ అను అమెరికా సంస్థయు గలసి, ఏ పిల్లలు రాబోవు సంవత్సరమున చదువు మానుదురో ముందుగా చెప్పగల కంప్యూటరు లెక్కనొకదానిని సిద్ధపరచినట్లును, అది విశాఖపట్టణము జిల్లాలోని ప్రభుత్వ పాఠశాలలనుండి 2018–19వ విద్యాసంవత్సరమున సుమారు 19,500 మంది బడి మానవచ్చునని గుర్తించినట్లును ఆ వార్త సారాంశము. బాలుడో బాలికయో యను భేదము, కుటుంబపు ఆర్థిక స్థితి, మార్కులు, పాఠశాలలోని వసతులు, ఉపాధ్యాయుల యోగ్యత మున్నగువానిని గలిపి ఈ లెక్క కట్టిరట. అప్పటి విశాఖపట్టణము జిల్లా 2022 ఏప్రిల్ నెలలో మూడు జిల్లాలుగా విభజింపబడినది. నాటి సంఖ్యలో సముద్రపుటొడ్డున నుండు జాలరిబిడ్డలును, ఉక్కు కర్మాగారపు చుట్టుప్రక్కల కూలివాండ్ర బిడ్డలును, పాడేరు, అరకు కొండలమీది గిరిజనుల బిడ్డలును గూడ చేరియున్నారన్నమాట.

ఈ వార్త చదివి పలువురు సంతోషించిరి. మేమును సంతోషించితిమి. ఇరువదేండ్లుగా బడిలో పాఠములు చెప్పుచు, జూన్ నెలలో పేర్లు పిలిచినపుడు పలుకని పేర్లు విని విని బాధపడినవారమగుటచే, ఆ పేర్లను మార్చి నెలలోనే యెవరైన చెప్పగలిగిన నెంత మేలని తలచితిమి. కాని వార్తను రెండవసారి చదివినపుడు మూడు సందేహములు కలిగెను. లెక్కను మరల చేసిన ఆ సంఖ్యయే వచ్చునా, ఆ పిల్లలే వత్తురా? లెక్కకు ఆధారమైన వివరములు నిజమైనవేనా? సంవత్సరము గడచిన పిమ్మట ఆ 19,500 మందిలో ఎందరు బడి మానిరి, ఎందరు నిలిచిరి? జోస్యపు సంఖ్యకు కలిగిన ప్రచారములో పదియవ వంతైనను సరిచూపునకు కలుగలేదు. ఇట్టి లెక్కలు నానాటికి పెరుగుచున్నవి గనుక, వానిని గృహస్థులెట్లు పరీక్షింపవలెనో ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

మొదటనే యొక మాట. మేము జోస్యమునకు విరోధులము కాము. విశాఖవాసి యెవ్వడును కాజాలడు. 2014 అక్టోబరు 12వ తేదీ మధ్యాహ్నము హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముగల గాలితో మన నగరముమీదుగనే తీరము దాటెను. కొండలమీది చెట్లు కూలెను. విమానాశ్రయపు కప్పు ఎగిరిపోయెను. దినములతరబడి దీపములు లేవు. ఐనను భారత వాతావరణ శాఖవారు కొన్నిదినములముందే హెచ్చరించుటచే పల్లపు గ్రామములలోని జనులను పెక్కువేలమందిని దాటింప గలిగిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయిన సంగతి తెలిసినవారికి ఈ భేదము విలువ చెప్పనక్కరలేదు. తుపాను జోస్యమును మనమిప్పుడు నమ్ముచున్నాము. ఏల నమ్ముచున్నామో విచారించినచో, ఇతర జోస్యములను కొలుచుటకు మనకొక త్రాసు దొరకును.

ఆ నమ్మకము యంత్రపు పెద్దతనమువలన వచ్చినది కాదు. యంత్రపు బలహీనతను దానిని నడుపువారే యొప్పుకొనుటవలన వచ్చినది. 1961వ సంవత్సరమున ఎడ్వర్డ్ లోరెంజ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తాను కల్పించుకొనిన యొక వాతావరణపు లెక్కను మధ్యనుండి మరల చేయింపబోయి, 0.506127 అను సంఖ్యకు మారుగా కాగితముమీద కుదించి అచ్చుపడిన 0.506 అను సంఖ్యను కంప్యూటరున కిచ్చెను. భేదము వేయింట నొక వంతుకన్న తక్కువ. కొంతదూరము రెండు లెక్కలును జోడెడ్లవలె కలిసి నడచెను. పిమ్మట క్రమముగా విడివడి, ఒకటి చూపిన వాతావరణమునకును రెండవది చూపినదానికిని పోలికయే లేకపోయెను. ఆరంభమునందలి ఆవగింజంత భేదము తుదకు కొండంత యగునని ఆనాడు తెలిసినది. ఆ తెలివిని శాస్త్రజ్ఞులు దాచిపెట్టలేదు. 1992నుండి ఐరోపాలోను అమెరికాలోను వాతావరణ కేంద్రములవారు ఒకే లెక్కను, ఆరంభసంఖ్యలను కొంచెము కొంచెము మార్చి, పలుమారులు చేయుట నిత్యకృత్యముగా పెట్టుకొనిరి. మన దేశమందును ఇప్పుడు ఈ పద్ధతి కలదు. అన్ని లెక్కలును ఒకే తీరమును చూపినచో నమ్మకము హెచ్చు, చెదరిపోయినచో తక్కువ. అందుచేతనే తుపాను దారిని సన్నని గీతగా మాత్రము గీయక, ముందునకు పోగా పోగా విప్పారు చేటవలె పటముపై చూపుచున్నారు.

రెండవ కారణము, తుపాను తీరము దాటిన మరునాడే జోస్యము నిజమైనదో కాదో అందరికిని తెలియును. వాతావరణ శాఖవారు తమ అంచనా ఎన్ని కిలోమీటర్లు తప్పినదో లెక్కగట్టి ప్రకటింతురు. 2013 నవంబరులో లెహర్ అను తుపాను అతితీవ్రరూపము దాల్చి మన తీరమునకు వచ్చుచుండగా హెచ్చరికలు వెలువడెను. తీరము చేరులోపలనే అది బలముడిగి, 28వ తేదీన మచిలీపట్టణము సమీపమున వాయుగుండముగా దాటిపోయెను. ఆ తప్పు అందరికన్నుల యెదుట జరిగినది. శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి పాఠము నేర్చుకొనిరి. తప్పు బయటపడుటకు వీలున్న విద్యయే బాగుపడును.

ఈ త్రాసులో బడి జోస్యమును తూచుదము. తుపాను లెక్కలో ఆరంభసంఖ్య ఎట్టిదో, ఇట్టి లెక్కలలో 'బీజము' అట్టిది. ఆంగ్లేయులు దీనిని 'సీడ్' అందురు. కంప్యూటరునకు చీట్లువేయుట తెలియదు. చెప్పినదానిని చెప్పినట్లు చేయుటయే తెలియును. కావున యాదృచ్ఛికముగా కన్పట్టు సంఖ్యలను పుట్టించుటకు దానికొక సూత్రము నేర్పుదురు. చిన్న ఉదాహరణము: ఒక సంఖ్యను తీసికొని 5 చేత గుణించి, 3 కలిపి, 16 చేత భాగించి, శేషమును ఉంచుకొనుడు. ఆ శేషముతో మరల అట్లే చేయుడు. 1తో మొదలిడినచో 8, 11, 10, 5 అని వచ్చును. 2తో మొదలిడినచో 13, 4, 7, 6 అని వచ్చును. చూచువారికి ఇవి చెదరిన గవ్వలవలె నుండును గాని, మొదటి సంఖ్య తెలిసినవానికి తక్కినవన్నియు తెలిసినట్లే. ఆ మొదటి సంఖ్యయే బీజము. నిజమైన యంత్రములలో సూత్రము ఇంతకన్న మిక్కిలి పెద్దది; తత్త్వ మిదియే.

బడి లెక్కవంటివానిలో ఈ చీట్లు ఎచట పడును? సాధారణముగా ఇట్టి నమూనాను తయారుచేయువారు గత సంవత్సరముల పిల్లల వివరములను రెండు కుప్పలుగా విడదీయుదురు. మొదటి కుప్పనుండి నమూనా పాఠము నేర్చుకొనును. రెండవ కుప్పమీద పరీక్ష వ్రాయును. ఏ బిడ్డ ఏ కుప్పలో పడవలెనో చీట్లు నిర్ణయించును, చీట్లను బీజము నిర్ణయించును. వేయిమంది పిల్లలలో ఏబదిమంది బడి మానిరనుకొందము. రెండువందలమందిని పరీక్షకై తీసినచో, మానినవారు అందులో పదిమంది రావలెను; కాని ఒక బీజముతో ఆర్గురే రావచ్చును, మరియొక బీజముతో పదునలుగురు రావచ్చును. అంత కొద్దిమందిమీద జరిగిన పరీక్షలో నమూనా ఒకసారి ఘనముగా నెగ్గును, ఒకసారి చతికిలబడును. నమూనా అదియే, పిల్లలు వారే. మారినది బీజ మొక్కటియే.

కంప్యూటరు పనివారిలో చాలమంది బీజముగా 42 అను సంఖ్యను వేయుట ఆచారము. డగ్లస్ ఆడమ్స్ అను ఆంగ్ల రచయిత యొక హాస్యనవలలో సమస్త ప్రశ్నలకును ఆ సంఖ్య ఉత్తరమని చెప్పుటచే వేడుకగా వచ్చిన ఆచార మిది. ఇందు దోషములేదు. అదే బీజముతో, అదే యంత్రసామగ్రితో లెక్క మరల చేసిన అదే ఫలము వచ్చును గనుక, ఒకరి లెక్కను మరియొకరు సరిచూడ వీలగును. బీజమును వ్రాసి యుంచుట సత్యమునకు సాయపడు పనియే. దోషము మరియొకచోట నున్నది. సంబంధము కుదుర్చుకొనదలచిన గృహస్థుడు, జాతకములు పొసగవని చెప్పిన జ్యోతిష్కుని విడిచి, పొసగునని చెప్పువాడు దొరకువరకు ఊరూర తిరుగుట మన మెరిగినదే. తొమ్మండుగురు కాదన్నారని దాచి, పదవవాడు ఔనన్నాడని మాత్రము వియ్యాలవారికి చెప్పును. పది బీజములు వేసి చూచి, మంచి ఫలమిచ్చిన యొక్కదానిని మాత్రము లోకమునకు చూపు గణకుడు ఆ గృహస్థునకు సోదరుడే. ఆతడు అబద్ధమాడలేదు, చూపిన లెక్క నిజముగా చేసినదే. చూపనివానిని దాచెను, అంతే.

ఈ బీజపు చపలత్వము ఎవరికి తగులును? పట్టిక నడుమనున్న బిడ్డకు తగులదు. తండ్రి లేక, తల్లి రోగియై, రెండేండ్లు తప్పిన బాలుని పేరు ఏ బీజముతోనైన పట్టికలోనికి వచ్చును. అతనిని గుర్తించుటకు యంత్రముతో పనిలేదు, పంతులు చాలును. అంచుననున్న బిడ్డ సంగతి వేరు. ఒక బీజముతో ఆమె పేరు పట్టికలో నుండును, మరియొక బీజముతో నుండదు. పట్టికలో నున్నచో ఎవరో యింటికి వచ్చి తలిదండ్రులతో మాటలాడుదురు. లేకున్నచో ఎవరును రారు. ఒక బాలిక చదువు ఆమె కుటుంబపు స్థితినిబట్టిగాక, దూరమున నెవరో వేడుకగా వేసిన యొక సంఖ్యనుబట్టి నిలుచుటయో పోవుటయో తటస్థించుట న్యాయమా? ఇట్టి పిల్లలెందరో తెలిసికొనుట కష్టము కాదు. లెక్కను నూరు బీజములతో చేసి, ప్రతి పేరును ఎన్నిసార్లు పట్టికలోనికి వచ్చినదో వ్రాసిన చాలును. నూటికి నూరుసార్లు వచ్చిన పేరునకును, ఏబదిసార్లు వచ్చిన పేరునకును భేదము చూచువారికి తెలియును.

ఒకే ప్రశ్నను రెండుమారులు వేరువేరుగా అడిగి సరిచూచుట మన దేశమునకు క్రొత్త కాదు. వంగదేశమున జనుపపంట విస్తీర్ణమును మాదిరి సర్వేలచే అంచనావేసిన కాలమున ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఒకే ప్రాంతమునుండి వేరువేరు మాదిరులను తీయించి, వేరువేరు దళములచే పరిశీలింపజేసి, ఆ లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచెడివాడు. రెండును దగ్గరగా నుండిన సంతోషము. దూరముగా నుండిన, ఆ దూరమే తన యంచనాలోని అనిశ్చయమునకు కొలత. ఆయన 1931లో స్థాపించిన భారత గణాంకశాస్త్ర సంస్థలోనే, మన వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావు 1941లో ప్రవేశించెను. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమును పొంది, ఆ సంవత్సరమే ఆగస్టు 22న 102 ఏండ్ల వయస్సున దివంగతుడైన ఈ మహనీయుడు, 1945లో ప్రకటించిన యొక వ్యాసమున గొప్ప సిద్ధాంతమును నిరూపించెను. దత్తాంశములందు ఇమిడియున్న సమాచారమునకు ఒక కొలత కలదు; కొన్ని నియమములకు లోబడి, పక్షపాతములేని ఏ అంచనాయు ఆ కొలత గీచిన హద్దును దాటి ఖచ్చితము కాజాలదు. లోకము దీనిని క్రామర్–రావు హద్దు అని పిలుచుచున్నది. ఇంటివారికి తెలియునట్లు చెప్పవలెనన్న, గింజలో ఎంత నూనె కలదో గానుగ అంతకుమించి తీయజాలదు. గానుగను బంగారముతో చేయించినను అంతియే.

కావున గింజను చూడవలెను. బడి లెక్కకు గింజ మా హాజరుపట్టీలు, మా ప్రవేశపు పుస్తకములు. వీనిని నింపువారము మేమే గనుక ఇచట మా తప్పులు మేము చెప్పుకొనుటయే ధర్మము. మేము ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో బిడ్డను చేర్చవచ్చిన తల్లిని పుట్టినతేదీ యడిగిన, వానలకు ముందనియో సంక్రాంతి తరువాత ననియో చెప్పెడిది. మేము జూన్ 1 అని వ్రాసెడివారము. దేశమంతట బడిపంతుళ్లు ఇట్లే చేయుటచే జూన్, జూలై నెలల మొదటితేదీలలో పుట్టినవారు ప్రకృతివిరుద్ధముగా హెచ్చిరి. జనాభా లెక్కలలోను 30, 35, 40 అని సున్నతోను అయిదుతోను ముగియు వయస్సులవారు ఎక్కువగా కనబడుట శాస్త్రజ్ఞులెరిగినదే. తరగతికి తగిన వయస్సు మించిన బిడ్డ బడి మానవచ్చునని యంత్రము నేర్చుకొనును. ఆ వయస్సును మా కలము ఊహించి వ్రాసినదని దానికి తెలియదు.

ఇంకొకటి. తూర్పుతీరమున ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు 61 దినములు మరపడవల చేపలవేటకు నిషేధము. నిషేధము ముగియుటయు బడులు తెరచుటయు ఇంచుమించు ఒకేసారి జరుగును. రెండునెలలు సంపాదనలేని యింట పడవలు కదలినపుడు పెద్దబిడ్డలు రేవునకు పోయి తండ్రులకు సాయపడుదురు. జూన్ చివరి దినములలో జాలరిపేట పిల్లవాని పేరునకెదుట వరుసగా గైరుహాజరు పడును. హాజరు తగ్గుట చదువు మానుటకు చిహ్నమని నేర్చిన యంత్రము వానిని పట్టికలో చేర్చును. అట్టి బాలు డొకడు మా బడిలోనే పదవతరగతి చక్కగా ముగించి పోయెను. ఆ గైరుహాజరుకు అర్థము సముద్ర మెరిగినవానికే తెలియును.

మరియొక ఏట మాయొద్ద ఎనిమిదవ తరగతిలో ఒక బాలిక యుండెను. మార్కులు మంచివి, పట్టీలో హాజరు నిండుగా నున్నది. వేసవి సెలవుల పిమ్మట ఆమె రాలేదు. పెండ్లి చేసి పంపిరని ఆమె తోడివారు చెప్పిరి. ఏ యంత్రమైనను ఆమె పేరును పట్టికలో చేర్చియుండదు; చేర్చుటకు ఆధారము లేదు. కాని ఆధారము లేకపోవుటకు కారణమేమి? చివరి రెండునెలలు ఆమె వారమునకు రెండుమూడు దినములే వచ్చినది. తరగతి హాజరు తగ్గినచో సంజాయిషీ యడుగుదురను భయముచే రాని దినములకును వచ్చినట్లు గుర్తుపెట్టితిమి. ఆ గుర్తులు పెట్టిన చేయి మాదే. మేము నిజము వ్రాసియుండిన యంత్రము చెప్పెడిదేమో. యంత్రములేకున్నను ఆ సున్నలను చూచి మేమే యొకనాడు వారి గుమ్మము తొక్కియుందుమేమో. దత్తాంశముల నాణ్యమను మాట శాస్త్రజ్ఞుల నోట విన్నప్పుడెల్ల మాకు ఆ బిడ్డ జ్ఞప్తికి వచ్చును.

లేని వివరముల సంగతియు విచారింపవలెను. హుద్‌హుద్ వచ్చినదినమున నగరములోని డాప్లర్ రాడారు ఆ గాలికే దెబ్బతిని పని మానెను. తుపాను అతితీవ్రముగా నున్న ఘడియలలోనే కొలత లేకపోయినది. ఆ ఖాళీని చూచి గాలి లేదనువాడు వెఱ్ఱివాడు. బడి లెక్కలోను ఇట్లే: తలిదండ్రులు వలసపోగా రెండూళ్లలో పేరుండి ఎచటను కూర్చొనని బిడ్డ, ఆధారు సంఖ్య కుదరక వరుసలో చేరని బిడ్డ, బడిలో అసలు చేరని బిడ్డ — వీరి వివరములే ఖాళీగా నుండును. అపాయము ఎచట హెచ్చో అచటనే కాగితము తెల్లగా నుండును. ఖాళీ వరుసలను కొట్టివేసి లెక్క కట్టినవారు, తాము ఎవరికొరకు బయలుదేరిరో వారినే కొట్టివేసినవారగుదురు.

కాలము మారిన పట్టీ అర్థమును మారును. 2020 జనవరిలో ఆరంభమైన అమ్మఒడి పథకముక్రింద బిడ్డను బడికి పంపు తల్లికి సంవత్సరమునకు 15,000 రూపాయలు నిర్ణయించి, 75 శాతము హాజరను నియమము పెట్టిరి. పేదతల్లికి అది మేలైన సాయమే. కాని ఆ దినమునుండి హాజరుపట్టీ బిడ్డ రాకకు మాత్రమే గుర్తుగా నుండక, సొమ్మునకు వాకిలి యైనది. వాకిలివద్ద తోపులాట తప్పదు. పిమ్మట కొలదినెలలకే మహమ్మారివలన బడులు మూతపడెను. 2018నాటి పట్టీలనుండి పాఠము నేర్చిన నమూనా ఈ మార్పుల పిమ్మట అదే పాఠమును అప్పగించిన, పాత పంచాంగముతో క్రొత్త ఏడాది తిథులు చూచినట్లుండును.

ఇక 'నూటికి తొంబదిపాళ్లు సరియైన యంత్రము' అను మాటనుగూర్చి. వెనుకటి ఉదాహరణమునే తీసికొందము. వేయిమందిలో మానువారు ఏబదిమంది. ఏమియు తెలియని మూఢుడు 'ఎవరును మానరు' అని చెప్పినను తొమ్మిదివందల యేబదిమంది విషయమున సరియే. అనగా నూటికి తొంబదియైదుపాళ్లు సరి. కాని ఒక్క బిడ్డనైనను రక్షింపజాలడు. దీనికి బదులు ఒక మంచి యంత్రము ఆ ఏబదిలో నలువదిమందిని పట్టుకొని, నిలుచువారిలో నూటికి పదిమందిని మాత్రము పొరపాటున చేర్చెననుకొందము. అప్పుడు పట్టికలో నిజమైనవారు 40, పొరపాటువారు 95, మొత్తము 135. అంత మంచి యంత్రపు పట్టికలోను మువ్వురిలో ఒక్కరైనను నిజముగా మానువారు కారు. కావున నూటికెన్ని యని వినగానే తలయూపక, పట్టికలోనివారిలో ఎందరు నిజముగా మానిరి, మానినవారిలో ఎందరు పట్టికలో నుండిరి యని రెండు ప్రశ్నలు వేరుగా నడుగవలెను.

ఇది ఊహమాత్రము కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమువారు 2012నుండి ఇట్టి పట్టికలను బడులకు పంపుచుండిరి. 2023లో ది మార్కప్ అను పత్రికవారు విచారించి, ఒక విద్యార్థి సకాలమున చదువు ముగింపడని ఆ యంత్రము చెప్పినప్పుడు ఇంచుమించు నాలుగింట మూడుసార్లు తప్పినదనియు, ఆ తప్పుడు హెచ్చరికలు శ్వేతజాతి పిల్లలకన్న నల్లజాతి పిల్లల విషయమున హెచ్చుగా నుండెననియు ప్రకటించిరి. మన దేశములో కుటుంబపు స్థితిని లెక్కలో చేర్చినపుడు ఏ కులపు, ఏ పేటల పిల్లల పేర్లు పొరపాటున హెచ్చుగా చేరునో విచారింపకుండుట సంస్కారపక్షమువారికి తగదు.

ఇచట కొందరు మిత్రులు ఆక్షేపింతురు: “పట్టిక తప్పైన నేమి? శిక్షకొరకు కాదుగదా, సాయము కొరకే. పొరపాటున నొక బిడ్డకు సాయము చేసిన నష్టమేమి?” ఈ మాటలో బలము కలదు. సాయమునకు హద్దు లేకున్న మేమును ఊరకుందుము. కాని ఒక పంతులు సాయంకాలములలో వెళ్లగల యిండ్లు కొన్నియే. పొరపాటు పేర్లకై తిరిగిన కాళ్లు నిజమైన గుమ్మమునకు చేరకపోవచ్చును. మరియు, 'వీడు మానువాడు' అని కంప్యూటరు చెప్పినపిమ్మట పంతులు వానిని చూచు చూపు మారును. వెనుకబల్లమీద కూర్చుండబెట్టుటకు, ప్రశ్న యడుగకుండుటకు అదియొక సాకగును. మా వృత్తిలో ఈ దుర్గుణము యంత్రము రాకమునుపే కలదు. దానికి శాస్త్రముద్ర వేయుట ప్రమాదము.

ఇంకను ఒక చిక్కు కలదు. పట్టికలోని బిడ్డ యింటికి పోయి, తల్లిని బ్రతిమాలి, ఆమెను బడిలో నిలిపితిమి. జోస్యము ఫలించినదా, తప్పినదా? తుపానును మన మాపలేము గనుక దాని జోస్యము తానే పరీక్షకు నిలుచును. బడి మానుటను ఆపగలము గనుక ఈ జోస్యము అట్లు నిలువదు. తప్పైనను 'మేము ఆపితిమి' యనవచ్చును. దీనికి ఉపాయము చీట్లలోనే యున్నది. అన్ని మండలములకును ఒకేసారి పట్టికలు పంపుటకు వీలులేనపుడు, ఏ మండలములకు ముందు, ఏ మండలములకు పిమ్మట యని అందరియెదుట చీట్లు వేసి నిర్ణయించి, ఒక సంవత్సరము గడచిన తరువాత రెండు తెగలనుండి ఎందరు మానిరో పోల్చినచో నిజము తేలును. చీట్లు దాచి వేసిన మోసము, బాహాటముగా వేసిన న్యాయము.

కావున ఇట్టి జోస్యమును ప్రకటించువారిని చదువరులు నాలుగు సంగతు లడుగవలెనని మా విన్నపము. ఎన్ని బీజములతో లెక్క చేసితిరి, ఫలము ఎంతమేర మారినది? పట్టీలను ఎవరు, ఎట్టి యొత్తిడిలో నింపిరి, ఖాళీలను ఏమి చేసితిరి? పొరపాటున చేర్చినవారెందరు, విడిచినవారెందరు, వారే పేటలవారు? సంవత్సరాంతమున సరిచూచి ఎచట ప్రకటించితిరి? నౌకాశ్రయమున ఇనుపరాతిని కొనువాడు పైపైని పిడికెడు చూచి డబ్బు చెల్లింపడు. పలుతావుల మాదిరి తీయించి పరీక్షింపజేయును. రాతికి చూపు జాగ్రత్త బిడ్డలకు చూపుమనుట అత్యాశ కాదు.

ఇతరులను అడుగుటకు ముందు మేము చేయవలసినది యొకటి కలదు. రేపు ఉదయము మా తరగతిలో పేర్లు పిలుతుము. పలుకని పేరునకెదుట, సంజాయిషీ యడిగినను సరే, రాలేదనియే వ్రాయుదుము. వరుసగా మూడుదినములు అట్లు వ్రాయవలసి వచ్చినచో సాయంకాలము ఆ యింటికి పోదుము. ఆనాడు ఎనిమిదవ తరగతి బాలిక విషయమున చేయనిది అదియే.